సొంత కొవ్వా, ఇంప్లాంటా? రొమ్ము పరిమాణం పెంచుకునే ముందు తూచుకోవలసిన ప్రమాదాలు

"నా ఒంట్లోని కొవ్వే కదా, దానివల్ల నాకు ప్రమాదం ఏముంటుంది?" రొమ్ములకు కొవ్వు మార్పిడి గురించి విన్న స్త్రీలలో చాలామంది మొదట అడిగేది ఇదే. పొట్ట దగ్గరో తొడల దగ్గరో ఎక్కువైన కొవ్వును తీసి, తక్కువగా ఉన్న చోట నింపుతారంటే అంతకంటే సహజమైన పద్ధతి మరొకటి ఉండదనిపిస్తుంది. లోపల బయటి వస్తువు ఉండదు, పెద్ద కోత ఉండదు, తాకినా తేడా తెలియదు. ఇవన్నీ చాలావరకు నిజమే. అయినా "సహజం" అన్న ఒక్క మాటను నమ్ముకుని ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకోవద్దని గట్టిగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

కొవ్వు మార్పిడి నారు పీకి నాటడం లాంటిది. వేళ్లు తెగిన మొక్క కొత్త మట్టిలో మళ్లీ వేరూనాలి. కొన్ని నిలుస్తాయి, కొన్ని వడలిపోతాయి. పొలంలో చచ్చిన మొక్క మట్టిలో కలిసిపోతుంది. రొమ్ములో చచ్చిన కొవ్వు అంత తేలికగా కలిసిపోదు. ఈ ఆపరేషన్‌కే ప్రత్యేకమైన ప్రమాదాలలో ఎక్కువ భాగం అక్కడి నుంచే మొదలవుతాయి. ఆ సంగతి అర్థమైతే ఇంప్లాంట్‌తో, అంటే రొమ్ములో అమర్చే సిలికాన్ తొడుగున్న సంచితో, పోల్చి చూసుకోవడం కూడా సులువవుతుంది.

నాటిన కొవ్వు ఎలా బతుకుతుంది

లైపోసక్షన్‌తో కొవ్వును పీల్చి తీసినప్పుడు దానికి రక్తం అందించే సన్నని నాళాలన్నీ తెగిపోతాయి. తీసినదాంట్లోంచి రక్తాన్ని, నూనెను, మత్తుమందు కలిసిన ద్రవాన్ని వేరుచేసి, మిగిలిన కొవ్వును కాన్యులా అనే మొద్దు కొన ఉన్న గొట్టంతో రొమ్ములోకి ఎక్కిస్తారు. మొదటి కొన్ని రోజులు ఆ కణాలకు సొంత రక్తప్రసరణ లేదు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరి వచ్చే ఆక్సిజన్ మీదే బతకాలి. అది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి లోపలికి చేరదు. అందువల్ల కొవ్వును ముద్దగా పెడితే అంచుల్లోని కణాలు బతికి, నడుమ ఉన్నవి చచ్చిపోతాయి.

నేర్పున్న సర్జన్లు అందుకే కాన్యులాను వెనక్కి లాగుతూ, సన్నని దారాల్లా, కొద్దికొద్దిగా వదులుతారు. చర్మం కింద కొంత, పాల గ్రంథి వెనుక కొంత, ఛాతీ కండరంలో కొంత, ఇలా వేర్వేరు పొరల్లో సర్దుతారు. ఇది ఓపికతో చేసే పని. ఒకేసారి ఎక్కువ కుక్కితే లోపల ఒత్తిడి పెరిగి, రక్తం అందక, బతకవలసిన కొవ్వు కూడా చచ్చిపోతుంది. కాబట్టి "ఎలాగూ కొంత కరిగిపోతుంది, రెట్టింపు నింపేద్దాం" అనే సర్జన్ మాట వినడానికి బాగున్నా, అది మీకు మేలు చేసే మాట కాదు.

ఎంత శాతం నిలుస్తుందన్నది అధ్యయనాన్ని బట్టి చాలా మారుతుంది. సాధారణంగా 50 నుంచి 70 శాతం అని చెబుతారు. అంతకంటే బాగా తక్కువ నిలిచినవారూ ఉన్నారు. మొదటి వారాల్లో అద్దంలో కనిపించేది వాపుతో కలిసిన పరిమాణం. అసలు ఫలితం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండు వైపులా ఒకే కొలత ఎక్కించినా ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నిలవవచ్చు. ఒక విడతలో సాధారణంగా బ్రా కొలతలో ఒక కప్పు పరిమాణం పెరుగుతుందని ఆశించవచ్చు. అంతకు మించి కావాలంటే మరో విడత, అంటే మళ్లీ లైపోసక్షన్, మళ్లీ మత్తు, మళ్లీ ఖర్చు. మొదటి రోజు చెప్పిన ధర ఒక్క విడతకేనా అన్నది అప్పుడే అడిగి తెలుసుకోవాలి.

చచ్చిన కొవ్వు ఏమవుతుంది

కొద్దిగా అయితే శరీరమే శుభ్రం చేసుకుంటుంది. ఎక్కువైతే చచ్చిన కణాలు నూనెగా మారి, శరీరం దాని చుట్టూ గోడ కట్టి, ఆయిల్ సిస్ట్ అనే నూనె తిత్తిగా మిగులుతుంది. కొన్నిచోట్ల గట్టి మచ్చలా ముడుచుకుపోతుంది. దీన్ని ఫ్యాట్ నెక్రోసిస్ అంటారు. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ తిత్తి గోడ మీద కాల్షియం పేరుకోవచ్చు. వీటిలో చాలావాటి వల్ల ప్రాణానికి ప్రమాదం లేదు. కొన్ని చేతికి కూడా తగలవు. కొన్ని నొప్పి పెడతాయి. సూదితో నూనె తీయవలసి వస్తుంది, అరుదుగా కోసి తీయవలసి వస్తుంది.

అసలు కష్టం ఎక్కడంటే, రొమ్ములో గడ్డ తగిలితే ఏ స్త్రీ అయినా ముందు క్యాన్సర్ గురించే ఆలోచిస్తుంది. అలా ఆలోచించడం తప్పు కాదు, ఆలోచించాలి కూడా. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, నూనె తిత్తి చుట్టూ గుడ్డు పెంకులాంటి పల్చని తెల్లని గీత కనిపిస్తే అనుభవమున్న రేడియాలజిస్టు చూడగానే హానిలేనిదని గుర్తిస్తారు. కానీ కాల్షియం ఇంకా పేరుకుంటున్న దశలో, చిన్న చిన్న చుక్కలుగా ఉన్నప్పుడు, క్యాన్సర్ తొలిదశలో కనిపించే చుక్కలకూ వీటికీ తేడా చెప్పడం కష్టమవుతుంది. అప్పుడు అల్ట్రాసౌండ్, ఎమ్మారై, చివరికి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ దాకా వెళ్లవలసి రావచ్చు.

నా స్నేహితురాలి అనుభవం ఇక్కడ చెప్పాలి. కొవ్వు మార్పిడి జరిగిన రెండేళ్లకు ఆమెకు ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గట్టి ముడి తగిలింది. స్కాన్‌కు వెళ్లింది కానీ, ఆపరేషన్ సంగతి చెప్పడానికి సిగ్గుపడింది. బయాప్సీ ఫలితం వచ్చేదాకా ఆమె సరిగా నిద్రపోయిన రాత్రి లేదు. చివరికి అది చచ్చిన కొవ్వేనని తేలింది. ముందే చెప్పి ఉంటే బయాప్సీ తప్పేదని నేను అనలేను. కానీ చూస్తున్న డాక్టరుకు సగం దారి ముందే తెలిసేది. ఆమెకూ ఆ రాత్రుల్లో పట్టుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

ఈ భయం కొత్తది కాదు. హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ 1895లోనే, శరీరంలో మరోచోట ఉన్న కొవ్వు గడ్డను తీసి ఒక స్త్రీ రొమ్ములో అమర్చారు. లైపోసక్షన్ వచ్చాక పద్ధతి తేలికైంది. కానీ 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం రొమ్ము పరిమాణం పెంచడానికి కొవ్వు ఎక్కించడాన్ని గట్టిగా వ్యతిరేకించింది. కారణం ఇదే: గడ్డలూ కాల్షియం చుక్కలూ క్యాన్సర్ పరీక్షలకు అడ్డమవుతాయని. తర్వాత స్కాన్ యంత్రాలు మెరుగయ్యాయి, కొవ్వును సన్నగా నాటే పద్ధతులు వచ్చాయి. 2009లో అదే సంఘం నియమించిన బృందం, జాగ్రత్తలతో ఈ ఆపరేషన్‌ను పరిశీలించవచ్చని చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన ఆ వాదన అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని గుర్తుంచుకుంటే, మీ సర్జన్ ఆ ప్రశ్నను "ఏమీ కాదులెండి" అని దాటవేయడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

మరి కొవ్వే క్యాన్సర్ తెచ్చిపెడుతుందా? కొవ్వు కణజాలం పెరుగుదలను ప్రేరేపించే కొన్ని పదార్థాలను విడుదల చేస్తుంది కాబట్టి ప్రయోగశాలల్లో ఈ అనుమానం తలెత్తింది. మనుషుల మీద ఇప్పటిదాకా జరిగిన పరిశీలనల్లో క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు తేలలేదు. అయితే ఆ పరిశీలనల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రొమ్మును తిరిగి నిర్మించుకున్న స్త్రీల మీద జరిగినవి. ఆరోగ్యంగా ఉన్న యువతులను దశాబ్దాలపాటు గమనించిన సమాచారం తక్కువ. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నా, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉందని తెలిసినా, ప్లాస్టిక్ సర్జన్‌ను కలవడానికి ముందే క్యాన్సర్ నిపుణులతో మాట్లాడండి. ఈ విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పలేను.

మిగిలిన ప్రమాదాలు క్లుప్తంగా. కొవ్వు తీసిన చోట గుంటలు, ఎగుడుదిగుడులు, కొన్ని నెలల తిమ్మిరి రావచ్చు. ఈ గుంటల గురించి ముందుగా చెప్పేవారు తక్కువ, తర్వాత బాధపడేవారు ఎక్కువ. ఇన్ఫెక్షన్ రావచ్చు, రక్తం లేదా నీరు చేరవచ్చు. కాన్యులా పక్కటెముకల మధ్య నుంచి దిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కొవ్వు రక్తనాళంలోకి వెళ్లి ఊపిరితిత్తులకు చేరడం అరుదు, కానీ ప్రాణాంతకం కాగలవు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మత్తు ఇచ్చే ఏ పెద్ద ఆపరేషన్‌లోనైనా ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇంప్లాంట్ వైపు ఏమున్నాయి

సిలికాన్ జెల్ ఇంప్లాంట్‌ను మొదటిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో అమర్చారు. ఇంప్లాంట్‌లో ఊహించని తరుగుదల ఉండదు. ఎంత పరిమాణం పెట్టారో అంతే ఉంటుంది, ఒకే ఆపరేషన్‌తో రెండు కప్పుల తేడా కూడా సాధ్యం. సన్నగా ఉన్న స్త్రీకి తీయడానికి కొవ్వే లేనప్పుడు మిగిలే దారి చాలావరకు ఇదే.

కానీ ఇంప్లాంట్ ఒక వస్తువు. దాని చుట్టూ శరీరం సహజంగానే ఒక పొర అల్లుతుంది. కొందరిలో ఆ పొర బిగుసుకుని రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి పెడుతుంది. సిలికాన్ ఇంప్లాంట్ బయటికి తెలియకుండానే చిరగవచ్చు. అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ, అమర్చిన 5–6 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత 2–3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకోమంటుంది. ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదనీ, పరిమాణం పెంచుకోవడానికి పెట్టించుకున్నవారిలో 20 శాతం మంది దాకా 8–10 ఏళ్లలో తీయించుకోవలసి వస్తుందనీ అదే సంస్థ చెబుతోంది. ఇరవై అయిదేళ్ల వయసులో పెట్టించుకునే అమ్మాయి, ముందుముందు మరో ఆపరేషన్ ఉంటుందన్న లెక్క వేసుకునే దిగాలి.

ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలో పుట్టే ఒక అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) గురించి ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. ఇది ఎక్కువగా గరుకు ఉపరితలం ఉన్న రకాలతో ముడిపడి ఉండడంతో, 2019లో అటువంటి ఒక రకాన్ని తయారీ సంస్థ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఏళ్ల తర్వాత ఒక రొమ్ము అకారణంగా వాచడం దీని ముఖ్య సూచన. త్వరగా గుర్తిస్తే చాలామందికి నయమవుతుంది. ఇవి కాక అలసట, కీళ్ల నొప్పులు, మతిమరుపు వంటి బాధలను ఇంప్లాంట్లతో ముడిపెట్టి చెప్పేవారు ఉన్నారు. వారిలో కొందరికి తీసేశాక ఉపశమనం కలిగింది. 2021లో ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ల లేబుల్ సమాచారంలో గట్టి హెచ్చరిక తప్పనిసరి చేయడమే కాక, ఆపరేషన్‌కు ముందు ప్రతి స్త్రీ చదివి సంతకం చేయవలసిన ప్రమాదాల జాబితా కూడా తెచ్చింది. కొవ్వు మార్పిడికి వెళ్లేవారు కూడా తమ కోసం అలాంటి కాగితం ఒకటి రాసుకుని వెళ్లాలని నా కోరిక.

రెండింటినీ ఒక త్రాసులో పెడితే

పోలికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది కాలం. కొవ్వు మార్పిడి వల్ల వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం మొదటి ఏడాది, రెండేళ్లలో బయటపడతాయి. తగ్గవలసింది తగ్గుతుంది, గడ్డ కట్టవలసింది కడుతుంది. కాల్షియం తర్వాత కనిపించినా, మిగిలిన కొవ్వు మీ శరీరంలో భాగంగా ఉండిపోతుంది. ఇంప్లాంట్ దీనికి తలకిందులు. మొదటి ఏడాది సాఫీగా గడిచినా, ఏళ్లు పెరిగేకొద్దీ బిగుసుకోవడం, చిరగడం వంటి ముప్పులు పెరుగుతాయి. "ఏది సురక్షితం" అని అడిగేవారిని నేను ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: ఇప్పుడు ఫలితం తక్కువ కావచ్చన్న అనిశ్చితిని మీరు తట్టుకోగలరా, లేక పదేళ్ల తర్వాత మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కడాన్నా?

మీకు కావలసిన పెరుగుదల కొద్దిగానే అయితే, తీయడానికి సరిపడా కొవ్వు ఉంటే, బరువు కొంతకాలంగా నిలకడగా ఉంటే, పొగ తాగే అలవాటు లేకపోతే, కొవ్వు మార్పిడి ఆలోచించదగినదే. ఒక రొమ్ము కొద్దిగా చిన్నదైనవారికి, ఇంప్లాంట్ తీయించుకుని మళ్లీ పెట్టించుకోవడం ఇష్టం లేనివారికి కూడా ఇది బాగా పనికొస్తుంది. బరువు తరచూ పెరిగి తగ్గేవారు మాత్రం ఆగాలి. నాటిన కొవ్వు కూడా మిగతా కొవ్వులాగే బరువుతో పెరుగుతుంది, తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత పదికిలోలు తగ్గితే ఆ మేరకు రొమ్మూ తగ్గుతుంది.

రెండు కప్పుల తేడా, లేదా పైభాగం స్పష్టంగా నిండుగా కనిపించడం కావాలంటే కొవ్వు నిరాశపరుస్తుంది. జారిన రొమ్మును కొవ్వు పైకి లేపదు, అది మరింత బరువే చేరుస్తుంది. అక్కడ కావలసింది లిఫ్ట్ ఆపరేషన్. చిన్న ఇంప్లాంట్ పెట్టి, దాని అంచులు తెలియకుండా మీద కొవ్వు నింపే మిశ్రమ పద్ధతి సన్నని చర్మం ఉన్నవారికి అందంగా కుదురుతుంది. అయితే రెండింటి ప్రమాదాలూ కలిసే వస్తాయి.

త్వరలో పిల్లల్ని కనాలనుకుంటున్నవారికి నా సలహా, వీలైతే ఆ తర్వాతే. గర్భంలోనూ పాలిచ్చే రోజుల్లోనూ రొమ్ము ఎలాగూ మారుతుంది. ఇప్పుడు తెచ్చుకున్న ఆకారం అలాగే నిలవదు. కొవ్వును గ్రంథిలోకి కాక దాని చుట్టుపక్కల పెడతారు కాబట్టి పాలివ్వడానికి సాధారణంగా ఆటంకం ఉండదంటారు. ఇంప్లాంట్‌లో చనుమొన చుట్టూ కోసే పద్ధతితో ఆ అవకాశం కొంత దెబ్బతినవచ్చు.

మార్కెట్‌లో వినిపించే మరికొన్ని మాటల విషయంలో జాగ్రత్త. మూలకణాలు కలిపిన కొవ్వు అంతా నిలుస్తుందనే ప్రచారానికి తగినంత రుజువు లేదు. హయాలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్‌ను, అంటే సూదితో ఎక్కించే జెల్‌ను, రొమ్ముకు వాడటం ఐరోపాలో కొంతకాలం సాగింది; స్కాన్లు చదవడానికి అడ్డమవుతోందని 2012లో ఆ వాడకాన్ని తయారీ సంస్థే ఆపేసింది. ద్రవరూపంలో సిలికాన్‌ను సూదితో ఎక్కిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దాన్ని తర్వాత పూర్తిగా తీయడం సాధ్యం కాదు.

సర్జన్ ఎదుట కూర్చున్నప్పుడు

ఒక్కో వైపు ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కిస్తారో, అందులో ఎంత నిలుస్తుందని తమ అనుభవంలో చూశారో అడగండి. ఆపరేషన్ అయిన వారానికి తీసిన ఫోటోలు కాక, ఏడాది తర్వాతివి చూపించమనండి. మత్తు ఇచ్చేది ఎవరు, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, గడ్డ తగిలితే చూసేది ఎవరు, దాని ఖర్చు ఎవరిది, ఇవన్నీ మొహమాటం లేకుండా తేల్చుకోండి. "గడ్డలు నా చేతిలో ఎప్పుడూ రాలేదు" అని చెప్పే సర్జన్ కంటే, వచ్చినవాటిని ఎలా సరిచేశారో చెప్పే సర్జన్‌నే నేను నమ్ముతాను.

పొగాకు, నికోటిన్ ఏ రూపంలోనైనా కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. నికోటిన్ సన్ననాళాలను ముడుస్తుంది, నాటిన కొవ్వుకు కావలసింది సరిగ్గా ఆ నాళాలే. ఆపరేషన్ తర్వాత కొవ్వు తీసిన చోట బిగుతు దుస్తులు వేసుకోమంటారు, రొమ్ముల మీద మాత్రం కొన్ని వారాలపాటు ఏ ఒత్తిడీ పడకూడదు. బోర్లా పడుకోవడమూ వద్దు.

ఆపరేషన్‌కు ముందే, వయసును బట్టి మామోగ్రామ్ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించి ఆ ఫిల్ములూ రిపోర్టులూ దాచుకోండి. అప్పటికే ఉన్న గడ్డ ఏదైనా ఉంటే ముందే తెలుస్తుంది, తర్వాత వచ్చిన ప్రతి మార్పునూ పోల్చి చూడటానికి వీలుంటుంది. ఆపరేషన్ జరిగిన తేదీ, ఎక్కించిన పరిమాణం, ఏ పొరల్లో పెట్టారన్న వివరం రాసిన కాగితం సర్జన్ దగ్గర అడిగి తీసుకోండి. ఆ రెండింటినీ ఒకే కవరులో పెట్టి, ఎన్నేళ్ల తర్వాత స్కాన్‌కు వెళ్లినా రేడియాలజిస్టు చేతికి ముందు ఆ కవరే ఇవ్వండి.